వగరు తెలిసిన నాలుకకు వైన్ కొత్త కాదు

మన ఊళ్లలో ఏ సెంటర్‌కి వెళ్లినా ‘వైన్స్’ అన్న బోర్డు కనిపిస్తుంది. లోపల అమ్మేది మాత్రం బీరు, విస్కీ, బ్రాందీ, రమ్ము. అసలు వైన్ కావాలని అడిగితే పై అరలో దుమ్ము పట్టిన రెండు మూడు సీసాలు చూపిస్తారు. ఆ సీసాలు ఎన్ని వేసవులు ఆ అరలోనే ఉడికాయో ఎవరూ చెప్పలేరు. పేరు ఇంత పరిచయమై, సరుకు ఇంత అపరిచితంగా మిగిలిపోయిన పానీయం తెలుగునాట మరొకటి లేదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే మన పిల్లలు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించే చోట్లలో వైన్ తోటల నాపా లోయ ఒకటి. ఇక్కడి నుంచి నాసిక్ వెళ్లినవాళ్లు త్ర్యంబకేశ్వర దర్శనం చేసుకుని, ఓ పూట ద్రాక్ష తోటలు కూడా చూసి వస్తున్నారు. అక్కడ ఒక గ్లాసులో నాలుగు గుక్కలు పోసి “ఎలా ఉంది?” అని అడుగుతారు. మనం “బాగుంది” అంటాం, లేదా “కాస్త పుల్లగా ఉంది” అంటాం. ఆ తరువాత మాట దొరకదు. పెద్ద పెద్ద పేర్లు, వేలు లక్షలు పలికే ధరలు విని, ఇదేదో మనకు అందని విద్య అని అక్కడితో వదిలేస్తాం.

అందని విద్య కాదు. వైన్ గురించి తెలుసుకోవడమంటే పేర్లు బట్టీ పట్టడమూ కాదు, ఖరీదైన సీసాలు కొనడమూ కాదు. నాలుక మీద తెలిసిన ఒక్కో రుచికీ తోటలో, తొట్టిలో కారణం ఏమిటో పట్టుకోవడం. ఆ పనికి కావలసిన సామాను తెలుగువాడి నోట్లో ముందే ఉంది. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

తీపి ఎక్కడికి పోయింది?

ద్రాక్ష పండులో చక్కెర ఉంటుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను తిని ఆల్కహాల్‌నూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. పులియడమంటే ఇదే. తాటిచెట్టు మీంచి దించిన నీరా పొద్దెక్కేసరికి కల్లుగా మారడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పులియడం వెనక ప్రాణమున్న జీవులున్నాయని పంతొమ్మిదో శతాబ్దంలో రుజువు చేసినవాడు లూయీ పాశ్చర్. వైన్ ఎందుకు చెడుతుందో వివరిస్తూ ఆయన 1866లో ఒక పుస్తకమే రాశాడు.

లెక్క చాలా సులువు. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. వైన్‌కు వాడే ద్రాక్షను రసంలో చక్కెర 22 నుంచి 25 శాతం దాకా ఎక్కాక కోస్తారు. అందుకే మామూలు వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం చిల్లర ఉంటుంది. చక్కెరంతా పులిసిపోతే ఆ వైన్‌ను ‘డ్రై’ అంటారు. మొదటిసారి తాగినవాళ్లు నిరాశపడేది ఇక్కడే. ద్రాక్షరసం కదా, తియ్యగా ఉంటుందనుకుని గుక్క వేస్తారు. ఆ తీపి ఎక్కడికీ పోలేదు, ఆల్కహాల్‌గా మారింది.

రంగు సంగతి కూడా చాలామంది పొరబడేదే. ఒక నల్లద్రాక్షను వేళ్ల మధ్య నొక్కి చూడండి, కారేది దాదాపు రంగు లేని రసం. రంగంతా తొక్కలో ఉంటుంది. రసాన్ని తొక్కలతో కలిపి రోజుల తరబడి నానబెట్టి పులియబెడితే ఎర్ర వైన్. తొక్కలను కొన్ని గంటల్లోనే తీసేస్తే గులాబీ రంగు ‘రోజే’ వైన్. మొదటే వేరుచేస్తే నల్లద్రాక్ష నుంచి కూడా తెల్ల వైన్ వస్తుంది. ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో నల్లని పినో న్వార్ ద్రాక్షతో తెల్లని నురగ వైన్ చేసేది ఇలాగే.

మనం బండి మీద కొనుక్కునే థాంసన్ సీడ్‌లెస్, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల నిండా కాసిన అనాబ్-ఎ-షాహీ తినడానికి పెంచిన రకాలు. కాయ పెద్దది, తొక్క పలచన. వైన్ రకాల కాయ చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. అన్నీ ఒకే జాతి, రకాలే వేరు. మామిడిలో బంగినపల్లి, చిన్నరసం, సువర్ణరేఖ వేరైనట్టే ద్రాక్షలో క్యాబెర్నే సావిన్యోన్, షిరాజ్, షార్డొనే వేరు. ప్రపంచమంతా సాగయ్యే క్యాబెర్నే సావిన్యోన్ పుట్టుకను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో క్యారల్ మెరెడిత్, జాన్ బవర్స్ డీఎన్ఏ పరీక్షలతో తేల్చి 1997లో ప్రచురించారు. ఎర్రని క్యాబెర్నే ఫ్రాంక్, తెల్లని సావిన్యోన్ బ్లాంక్ ఏనాడో పక్కపక్కన పెరిగి దానంతటదే కలిసిన సంకరం అది. ఒక నల్లద్రాక్ష తల్లిదండ్రుల్లో ఒకటి తెల్లద్రాక్ష కావడం ఆ రంగంలోవారినే ఆశ్చర్యపరిచింది.

షడ్రుచుల పాఠం, వంటింట్లోనే

వైన్ నేర్చుకునే పాశ్చాత్యులు మొదట్లో తడబడేది ఒక రుచి దగ్గర. ఎర్ర వైన్ తాగినప్పుడు చిగుళ్లు, నాలుక బిగుసుకుపోయినట్టు, నోరు ఆరినట్టు అవుతుంది. దాన్ని చేదనీ పులుపనీ పొరబడుతుంటారు. మనకు ఆ బాధ లేదు. మనకు ‘వగరు’ అనే మాట ఉంది. ఉగాది నాడు పచ్చడిలోని ఆరు రుచుల్లో ఒకటిగా దాన్ని లెక్కపెట్టి మరీ పిల్లలకు చెబుతాం. పచ్చి అరటికాయ, నేరేడు పండు, వక్క, కరక్కాయ, మామిడి పిందె, ఇవన్నీ తిన్న నోరు మనది. వగరును కలిగించే పదార్థాల పేరు టానిన్లు. అవి ద్రాక్ష తొక్కలో, గింజలో, కాడలో ఉంటాయి. వైన్‌ను ఓక్ చెక్క పీపాలో నిలవ ఉంచితే ఆ చెక్క నుంచి కూడా కొంత దిగుతాయి. ఎర్ర వైన్ తొక్కలతో నానుతుంది కనుక వగరుగా ఉంటుంది, తెల్ల వైన్ నానదు కనుక ఉండదు. ఒక్క వగరుతోనే ఆ వైన్ ఎలా తయారైందో సగం కథ తెలిసిపోతుంది.

దీన్ని చుక్క మద్యం లేకుండా వంటింట్లోనే నేర్చుకోవచ్చు. నాలుగు గ్లాసులు తీసుకోండి.

మొదటి రెండింటికి టీ డికాక్షన్ కాయండి, పాలు పంచదార వద్దు. ఒకదాంట్లో ఆకును రెండు నిమిషాలు ఉంచి వడకట్టండి, రెండోదాంట్లో పది నిమిషాలు ఉంచండి. రెండూ చల్లారాక ఒక్కో గుక్క నోటినిండా తిప్పి చూడండి. పది నిమిషాల డికాక్షన్ బుగ్గల లోపలి చర్మాన్ని పట్టి లాగినట్టుంటుంది. అదీ టానిన్. ఎక్కువసేపు నానితే ఎక్కువ వగరు అన్న సూత్రం అక్కడే బోధపడుతుంది. ఇప్పుడు ఆ డికాక్షన్‌లో రెండు చెంచాల పాలు కలపండి, వగరు తగ్గిపోతుంది. పాలలోని ప్రొటీన్ టానిన్లను పట్టుకుంది. ఎర్ర వైన్‌తో మాంసమో జున్నో తినే అలవాటు ఎందుకు వచ్చిందో ఆ గ్లాసు చెబుతుంది.

మిగిలిన రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి సమానంగా నిమ్మకాయ పిండండి. ఒకదాంట్లో మాత్రం రెండు చెంచాల పంచదార వేయండి. తీపి కలిసిన గ్లాసు తక్కువ పుల్లగా అనిపిస్తుంది. పులుపు తగ్గిందా? లేదు, తీపి దాన్ని కప్పింది, అంతే. నాలుక మోసపోయినా నోరు మోసపోదు. రెండు గ్లాసులకూ దవడల పక్క నుంచి ఒకే తీరున నీరు ఊరుతుంది. వైన్‌లో పులుపును కొలవాల్సింది ఆ ఊరే నీటితోనే. చల్లటి ప్రాంతాల ద్రాక్షలో పులుపు ఎక్కువగా నిలుస్తుంది. వేడి ప్రాంతాల్లో కాయ పండేకొద్దీ పులుపు కరిగి చక్కెర పెరుగుతుంది, దాంతోపాటు ఆల్కహాల్ కూడా. కనుక నోరు ఊరించే వైన్ చల్లటి తోటది కావచ్చు, గొంతులో వెచ్చగా దిగే వైన్ ఎండ కాచిన తోటది కావచ్చు. ఊహ ఇక్కడ మొదలవుతుంది.

తీపి, పులుపు, వగరు, ఆల్కహాల్ వెచ్చదనం, వీటికి తోడు చిక్కదనం. నీళ్లు, పాలు, మీగడ పాలు నోట్లో వేర్వేరు బరువుగా ఉన్నట్టే వైన్లూ ఉంటాయి. ఈ అయిదింటినీ ఒక్కొక్కదాన్నీ ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ’ అని చెప్పగలిగితే చాలు. లండన్‌లోని ప్రసిద్ధ శిక్షణ సంస్థల పాఠాలూ మొదలయ్యేది ఈ అయిదింటితోనే.

ముక్కు పట్టే జాడ, కన్ను చేసే మోసం

రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. జలుబు చేసినప్పుడు పప్పుచారు చప్పగా ఉండటానికి కారణం అదే. గ్లాసులో వైన్ మూడోవంతు దాటకుండా పోసి, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూడమనేది ఆడంబరం కోసం కాదు. తిప్పినప్పుడు గాలి తగిలి వాసనలు లేస్తాయి, గ్లాసు ఖాళీ భాగంలో అవి నిలుస్తాయి.

వైన్ గురించి రాసినవాళ్లు ‘మిరియాల వాసన, పచ్చి క్యాప్సికం వాసన, జామపండు వాసన’ అంటే అవి కలిపారేమో అని చాలామందికి అనుమానం. ఏమీ కలపరు. మిరియాలకు ఘాటైన వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్ష తొక్కలో కూడా ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. క్యాప్సికంలో ఉండే పైరజీన్లే సావిన్యోన్ బ్లాంక్‌లోనూ ఉంటాయి. అదే ద్రాక్షలో జామపండును గుర్తుచేసే గంధక సమ్మేళనాలూ ఉంటాయి. అణువు ఒక్కటే, అది మిరియాల తీగలో పుట్టినా ద్రాక్ష తీగలో పుట్టినా.

వాసనలకు పేరుపెట్టడం అందరికీ కష్టమే. 1980లలో డేవిస్‌లోనే ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త ఒక ‘వాసనల చక్రం’ తయారుచేశారు. మధ్యలో పండు, పువ్వు, మసాలా, చెక్క వంటి పెద్ద వర్గాలు, అంచుల్లో ఒక్కొక్క వాసన పేరు. దాన్ని మనం అరువు తెచ్చుకోవక్కరలేదు. యూరప్ పుస్తకాలు ‘గూస్‌బెర్రీ, బ్లాక్ కరెంట్’ అంటాయి. మనలో చాలామంది వాటిని జన్మలో తినలేదు. జామ, నేరేడు, రేగుపండు, ఎండు ఖర్జూరం, కొబ్బరి, లవంగం, తడిసిన మట్టి, సంపెంగ అని రాసుకోండి. మీ జ్ఞాపకంలో ఉన్న వాసన పేరే మీకు పనికొస్తుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ విద్యార్థులు 54 మందితో చేసిన ఒక ప్రయోగం 2001లో అచ్చయింది. ఒక తెల్ల వైన్‌ను అలాగే ఒకసారి, వాసన లేని ఎర్ర రంగు కలిపి మరోసారి ఇచ్చారు. రంగు కలిపిన గ్లాసును వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. వైన్ విద్య అబద్ధమని దీన్ని ఎగతాళికి వాడుకునేవాళ్లున్నారు. నేను దీన్ని మరోలా అర్థం చేసుకుంటాను. కన్ను ముందుగానే తీర్పు చెప్పేస్తే ముక్కు దానికి తలూపుతుంది. రంగు చేసే పనే లేబుల్ కూడా చేస్తుంది, ధర కూడా చేస్తుంది. కనుక నేర్చుకునేవాళ్లు అప్పుడప్పుడు సీసాకు కాగితం చుట్టి తాగాలి.

ఒక కొండవాలు చెప్పిన కథ

ఇక నేల. ఒకే ద్రాక్ష, ఒకే పద్ధతి, పక్కపక్క చేలు, అయినా వైన్లు వేరు. దీన్ని అర్థం చేసుకోవడానికి ప్రపంచంలో ఇంతకంటే మంచి బడి లేదు అనదగ్గ చోటు ఫ్రాన్సులోని బర్గండీ. డిజోన్ నగరం నుంచి దక్షిణంగా యాభై అరవై కిలోమీటర్ల పొడవున సాగే సన్నని కొండవాలు అది. ఎర్ర వైన్‌కు పినో న్వార్, తెల్ల వైన్‌కు షార్డొనే, దాదాపు ఈ రెండే రకాలు. రకం మారదు కనుక తేడా వస్తే అది నేల వల్లో, వాతావరణం వల్లో, చేసినవారి చేతి వల్లో వచ్చినట్టే.

1098లో అక్కడికి దగ్గర్లోని సీతో అనేచోట క్రైస్తవ సన్యాసుల మఠం వెలిసింది. ఆ సన్యాసులు దానాలుగా వచ్చిన భూముల్లో ద్రాక్ష వేసి, తరాల తరబడి ఏ చెక్కలో పండిన వైన్ ఎలా ఉందో గమనించారు. క్లో ద వూజో అనే తోట చుట్టూ వాళ్లు కట్టిన రాతిగోడ ఇప్పటికీ ఉంది. అలా పేరు, హద్దు స్థిరపడిన ఒక్కో చేను ఒక ‘క్లిమా’. పన్నెండు వందలకు పైబడిన ఆ చేలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కొండవాలును మూడు భాగాలుగా ఊహించుకోండి. అడుగున మట్టి లోతు, నీరు నిలుస్తుంది, కాపు ఎక్కువ, రుచి పలచన. పైన మట్టి పలచన, గాలి చలి ఎక్కువ, కాయ పండటం కష్టం. నడుమ సున్నపురాయి, బంకమట్టి కలిసిన నేల, వాన నీరు జారిపోతుంది, పొద్దుటి ఎండ సూటిగా పడుతుంది. అత్యున్నత శ్రేణి అయిన ‘గ్రాండ్ క్రూ’ చేలలో ఎక్కువ భాగం ఆ నడుమ భాగానివే. చెరువు కింద మాగాణి వేరు, మిట్ట మీది చేను వేరు అని మన రైతుకు ఎవరైనా చెప్పాలా? ఆ మాటనే బర్గండీ వాళ్లు చట్టం చేసి సీసా మీద అచ్చువేశారు.

ఫ్రెంచి విప్లవం తరువాత మఠాల భూములు జప్తయి వేలంలో అమ్ముడుపోయాయి. నెపోలియన్ కాలపు చట్టం పిల్లలందరికీ ఆస్తి సమానంగా పంచమంది. తరానికో పంపకం జరిగి కమతాలు చిన్నవైపోయాయి. యాభై హెక్టార్ల క్లో ద వూజోకు ఇవాళ ఎనభై మంది దాకా యజమానులున్నారు. కొందరికి దక్కినవి కొన్ని వరసల తీగలే. అందుకే ఒకే తోట పేరుతో పది సీసాలు కొన్నా పది రకాలుగా ఉంటాయి. బర్గండీలో తోట పేరెంత ముఖ్యమో, చేసినవారి పేరూ అంతే ముఖ్యం. ప్రపంచంలో అతి ఖరీదైన వైన్లలో ఒకటైన రొమానే-కోంతి పండే చేను రెండు హెక్టార్లు కూడా లేదు, మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. ఏడాదికి కొన్ని వేల సీసాలే వస్తాయి. ఆ ధరలో రుచి పాలు కొంత, కొరత పాలు చాలా.

లేబుల్ చదవడం కూడా ఇక్కడే పట్టుబడుతుంది. ఫ్రాన్సు, ఇటలీ వంటి పాత దేశాల సీసాల మీద ఎక్కువగా ఊరి పేరుంటుంది, ద్రాక్ష పేరుండదు. బర్గండీ ఎరుపంటే పినో న్వార్ అని కొనేవారికి తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. అమెరికా, ఆస్ట్రేలియా, చిలీ, భారత్ సీసాల మీద ద్రాక్ష పేరే పెద్దగా ఉంటుంది. సీసా మీద ఉన్న సంవత్సరం ద్రాక్ష కోసిన ఏడాది. పాతబడేకొద్దీ మంచిదన్నది అన్ని వైన్లకూ వర్తించదు. మార్కెట్లో దొరికేవాటిలో అత్యధికం రెండు మూడేళ్లలో తాగేయడానికి చేసినవే.

పారిస్‌లో ఆ మధ్యాహ్నం

గొప్ప వైన్ అని ఎవరు నిర్ణయిస్తారు? 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ అడిగితే, బోర్డో దళారులు అక్కడి ఎర్ర వైన్లను అయిదు శ్రేణులుగా విభజించారు. వాళ్లు చూసింది ఏళ్ల తరబడి ఏ వైన్ ఎంత ధర పలికిందన్నదే. ఆ జాబితా ఇప్పటికీ దాదాపు అలాగే నిలిచింది. చెప్పుకోదగ్గ పెద్ద మార్పు ఒక్కటే, 1973లో షాతో మూతాన్ రోత్‌షీల్డ్‌ను రెండో శ్రేణి నుంచి మొదటిదానికి పెంచారు.

ఆ తరువాత మూడేళ్లకు, 1976 మే 24న, పారిస్‌లో వైన్ దుకాణం నడిపే స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయుడు ఒక హోటల్లో పరీక్ష పెట్టాడు. తొమ్మిది మంది ఫ్రెంచి నిర్ణేతలు, అందరూ ఆ రంగంలో పండినవాళ్లే. వాళ్లలో రొమానే-కోంతి సహయజమాని ఓబేర్ ద విలేన్ ఒకరు. కాలిఫోర్నియా షార్డొనేలు ఆరు, బర్గండీ తెల్ల వైన్లు నాలుగు, కాలిఫోర్నియా క్యాబెర్నేలు ఆరు, బోర్డో ఎర్ర వైన్లు నాలుగు. ఏ గ్లాసులో ఏముందో నిర్ణేతలకు తెలియదు. చూడటానికి వచ్చిన విలేకరి ఒక్కరే, టైమ్ పత్రికకు చెందిన జార్జ్ టేబర్. గ్లాసుల వరస రాసిన కాగితం ఆయన చేతిలో ఉంది. ఒక నిర్ణేత నాపా వైన్ చప్పరించి, హమ్మయ్య, మళ్లీ ఫ్రాన్సుకు వచ్చామని సంతోషపడటం ఆయన విన్నాడు.

మార్కులు కూడితే తెల్ల వైన్లలో మొదటి స్థానం నాపాకు చెందిన షాతో మోంటెలీనా 1973కు వచ్చింది. దాన్ని చేసినవాడు క్రొయేషియా నుంచి వలసవచ్చిన మైక్ గర్గిచ్. ఎర్ర వైన్లలో మొదటిది స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973, చేసినవాడు వారెన్ వినియార్‌స్కీ. మూడేళ్ల కిందట పట్టాభిషేకం జరిగిన మూతాన్ వైన్, 1970 నాటిది, రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండు కాలిఫోర్నియా సీసాలు ఇవాళ వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి.

దీన్ని కాలిఫోర్నియా గెలిచిన కథగా చెప్పుకోవడం పరిపాటి. కానీ మార్కుల తేడాలు చిన్నవి, నిర్ణేతల మధ్యనే ఏకాభిప్రాయం లేదు. అవే ఎర్ర వైన్లను ముప్పై ఏళ్లకు 2006లో మళ్లీ పరీక్షిస్తే రిడ్జ్ మోంటె బెల్లో అనే మరో కాలిఫోర్నియా వైన్ మొదటిదైంది. ర్యాంకులు మారుతుంటాయి. చెదిరింది ఒక్క నమ్మకం: మంచి వైన్ ఫలానా దేశపు సొత్తు అన్నది. ఆ తరువాతే చిలీ, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా తోటలకూ ధైర్యం వచ్చింది. మన తోటల సంగతీ ఆ వెలుగులోనే చూడాలి.

దక్కను తోటల్లో

యూరప్‌లో తీగ చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబరు అక్టోబరులో కోతకొస్తుంది. మన దగ్గర ఆ నిద్ర లేదు. సెప్టెంబరులో కోద్దామంటే వానలు కాయను కుళ్లబెడతాయి. అందుకే దక్కను రైతు కత్తెరతో ఋతువును తిప్పాడు. వేసవి మొదట్లో ఒకసారి కత్తిరించి తీగను బలపరుస్తాడు, వానలు తగ్గుముఖం పట్టాక రెండోసారి కత్తిరించి కాపుకు వదులుతాడు. జనవరి నుంచి మార్చి దాకా కోత. పగలు ఎండ, రాత్రి చలి ఉండే ఆ నెలల్లో కాయకు తీపీ ఎక్కుతుంది, పులుపూ నిలుస్తుంది. ఈ రెండు కత్తిరింపుల పద్ధతి రంగారెడ్డి ద్రాక్ష రైతులకూ బాగా తెలిసినదే.

సముద్రమట్టానికి సుమారు ఆరు వందల మీటర్ల ఎత్తున ఉన్న నాసిక్‌కు ఆ చల్లని రాత్రులే పెట్టుబడి. 1990లలో రాజీవ్ సామంత్ అక్కడ సావిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ నాటి, 2000లో సులా పేరుతో తొలి వైన్లు తెచ్చారు. అంతకు ముందే బెంగళూరు దగ్గర నంది కొండల్లో గ్రోవర్ కుటుంబం ఫ్రెంచి నిపుణుల సలహాతో తోటలు వేసింది. మన తెలుగువారి చేయి కూడా ఇందులో ఉంది. హైదరాబాద్‌కు చెందిన కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ చిగురుపాటి దంపతులు కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో కేఆర్ఎస్ఎంఏ ఎస్టేట్స్ తోటలు పెంచి క్యాబెర్నే సావిన్యోన్, సాంజొవేజే వైన్లు చేస్తున్నారు. ఇటలీ టస్కనీ ద్రాక్ష దక్కను రాళ్ల మధ్య ఎలా మారుతుందో చూడాలనుకునేవారికి అది మంచి అవకాశం.

మొదటి పాఠానికి నాసిక్ సావిన్యోన్ బ్లాంక్, షిరాజ్ చెరొకటి చాలు. తెల్లదాంట్లో జామ, క్యాప్సికం వెతకండి. ఎర్రదాంట్లో మిరియం, నేరేడు వెతకండి. మొదటిది నోరు ఊరిస్తుంది, రెండోది చిగుళ్లను పడుతుంది. ఇంతదాకా చదివినదంతా ఆ రెండు గ్లాసుల్లో ఉంది.

చదువు సాగించేవారికి

ఒంటరి గ్లాసు ఏమీ నేర్పదు, జంట గ్లాసులు నేర్పుతాయి. ఎప్పుడూ రెండు పక్కపక్కన పెట్టుకోండి, ఒక్క విషయంలోనే తేడా ఉండేలా చూసుకోండి: ఒకే ద్రాక్ష, రెండు దేశాలు. ఒకే తోట, రెండు సంవత్సరాలు. ఒకే వైన్, ఓక్ పీపాలో ఉంచినదీ ఉంచనిదీ. నలుగురు మిత్రులు కలిసి తలా కొంత వేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, తాగే మోతాదూ తగ్గుతుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, పేరు, ఏడాది, ధర, అయిదు రుచుల అంచనా, రెండు వాసనలు. నచ్చిందా లేదా అన్నది చివర రాయండి. ఆ ముందున్నవాటిలో ఎందుకు నచ్చిందో దొరుకుతుంది.

మన ఎండలకు తగిన జాగ్రత్తలూ కావాలి. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట పదహారు, పద్దెనిమిది డిగ్రీల యూరప్ గదులకు చెప్పినది. మన ఇంట్లో ముప్పై దాటుతుంది కనుక ఎర్ర వైన్‌ను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. సీసాను వంటింటి అరలో, అటక మీద దాచకండి, ఒక్క మే నెల చాలు దాన్ని పాడు చేయడానికి. తెరిచినదాన్ని బిరడా బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

దీన్నే వృత్తిగా ఎంచుకునేవారికి దారి ఉంది. అత్యంత కఠినమైన ‘మాస్టర్ ఆఫ్ వైన్’ పరీక్ష 1953లో లండన్‌లో మొదలైంది. పేర్లు తెలియని 36 వైన్లను చప్పరించి అవేమిటో, ఎలా చేశారో రాయాలి. భారత్ నుంచి తొలిసారి ఆ పట్టా పొందినది సోనల్ హాలండ్, 2016లో.

చివరగా, దాచకూడని మాట. వైన్‌లో ఉన్నదీ ఆల్కహాలే. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న ప్రచారాన్ని నమ్మి ఎవరూ మొదలుపెట్టవద్దు. వృత్తి నిపుణులు రోజుకు పదుల వైన్లు చప్పరించి, దాదాపు అన్నీ ఉమ్మేస్తారు. రుచి తెలియడానికి మింగనక్కరలేదు. గర్భిణులు, మందులు వాడేవారు, ఆ అలవాటుతో ఇంట్లో నష్టపోయినవారు దీని జోలికి వెళ్లకపోవడమే సరి. వాళ్లకు డికాక్షన్ గ్లాసుల పాఠం ఉండనే ఉంది. అందులో నేర్చిన శ్రద్ధ మామిడిపండుకూ, కాఫీకీ, పొలంలో కొత్తగా కాచిన బెల్లానికీ పనికొస్తుంది.

తాగేవారికి నా విన్నపం ఒక్కటే. ఈసారి ఎవరైనా గ్లాసు చేతికిచ్చి “ఎలా ఉంది?” అంటే వెంటనే “బాగుంది” అనకండి. ఒక్క గుక్క నోట్లో నిలిపి, పులుపెంత, వగరెంత, ఏ పండు గుర్తొచ్చిందో మీ మాటల్లో చెప్పండి. “వగరు కొంచెం ఎక్కువ, నేరేడు పండు తిన్నట్టుంది” అని మీరు అనగలిగిన రోజున, మీకు వైన్ తెలియడం మొదలైనట్టే.